ఆటుపోట్ల ఊరు డార్విన్

ఆస్ట్రేలియా అనగానే మనసులో మెదిలేవి సిడ్నీ ఆపెరా హౌస్ తెల్లని పైకప్పులు, ఖండం నడిమి ఎడారిలోని ఎర్రని కొండ. ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ నగరం అంత సులభంగా తలపునకు రాదు. మద్రాసు నగరం భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరంలో ఉన్నదో, డార్విన్ దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉన్నది. సిడ్నీ కంటే ఇండోనేషియా రాజధాని జకార్తాయే దీనికి దగ్గర. 1839లో బీగిల్ నౌక ఈ రేవునకు వచ్చినప్పుడు, అంతకు ముందటి యాత్రలో అదే నౌకలో పయనించిన ఛార్లెస్ డార్విన్ పేరును నావికులు దీనికి పెట్టారు. ఆ మహాశాస్త్రజ్ఞుడు మాత్రం ఇక్కడ ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆ పేరు రాక ముందు వేల ఏండ్ల నుంచి ఇది లారాకియా అనే ఆదివాసుల భూమి.

యాత్రికులు సాధారణంగా ఏ ఊరికి వెళ్ళినా ఏమేమి చూడాలి అని అడుగుతారు. డార్విన్ విషయంలో అడగవలసినది ఎప్పుడు చూడాలి అని. ఒకే కడలితీరం ఉదయం ఒక రకంగా, మధ్యాహ్నం మరొక రకంగా ఉంటుంది. జూలైలో పిల్లలు ఈదే కొలను జనవరిలో మూసి ఉంటుంది. పాఠశాలలకు సెలవులని డిసెంబరులో టిక్కెట్లు కొనుక్కొని, అక్కడికి చేరిన తరువాత సముద్రంలో కాలు పెట్టరాదని తెలుసుకొనే కుటుంబాలకు ఈ ఊరు అన్యాయంగా కనిపిస్తుంది. అన్యాయమేమీ లేదు. ఈ ఊరికి ఒక పంచాంగం ఉన్నది, దానిని ముందుగా చూసుకోవాలి.

ఆ పంచాంగంలో మొదటి పుట ఆటుపోట్లది. విశాఖపట్టణం వద్ద పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. డార్విన్ రేవులో ఆ తేడా కొన్ని రోజులలో 8 మీటర్ల వరకు ఉంటుంది. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు నీరు ఆరు గంటలలో వచ్చి, తరువాతి ఆరు గంటలలో తిరిగిపోతుందన్నమాట. చంద్రుడు ఒక్కడే, సూర్యుడూ ఒక్కడే. మరి ఇంత తేడా ఎందుకు? కారణం సముద్రపు అడుగున ఉన్నది. మన తూర్పుతీరంలో ఖండతీరపు అరుగు ఇరుకైనది. కొద్ది దూరం పోగానే సముద్రం లోతుగా దిగిపోతుంది. డార్విన్ ఎదుట ఉన్న తిమోర్ సముద్రంలో ఆ అరుగు వందల కిలోమీటర్ల వెడల్పున, లోతు లేకుండా పరచుకొని ఉన్నది. లోతైన మహాసముద్రంలో తక్కువ ఎత్తున సాగే పోటు అల, ఆ నిస్సారపు నీటిలోనికి వచ్చేసరికి వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. దానికి తోడు, ఊయలను సరియైన సమయంలో తట్టినట్లు, ఆ అరుగు పరిమాణం చంద్రుని పన్నెండున్నర గంటల తాళానికి కొంతవరకు కలుస్తుంది. అందుచేత ఆ ఊపు మరింత పెద్దదవుతుంది.

పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులకు పోటు మిక్కిలి ఎక్కువ. అష్టమి, నవమి తిథుల ప్రాంతంలో తక్కువ. ఇది మన బెస్తవారికి తాతల నాటి నుంచి తెలిసిన లెక్కే. పోటు వేళ ప్రతిదినమూ సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది. డాక్టర్స్ గల్లీ అనే చిన్న తీరంలో చేపలకు రొట్టె ముక్కలు వేసే వేడుక అందుకే ఏ రోజుకు ఆ రోజు వేరే గంటకు జరుగుతుంది. 1950లలో అక్కడ నివసించినవారు మిగిలిన తిండిని నీటిలో వేయడంతో మొదలైన అలవాటు ఇది. పోటుతో పాటు పాలబొంతలు, తిరండులు మోకాటి లోతు నీటిలోనికే వస్తాయి. నీరు తీయగానే అవీ వెళ్ళిపోతాయి. ఈస్ట్ పాయింట్ వద్ద దీనికి విరుద్ధం. అక్కడ ఆటు వేళ వెళ్ళాలి. సముద్రం వెనక్కు పోగా రాతి అరుగులు బయటపడి, గుంటలలో పీతలు, నత్తలు, పగడపు ముక్కలు కనిపిస్తాయి. తిరిగి నీరు వచ్చే వేళ తెలియకుండా దూరం నడిచిపోవడం మంచిది కాదు.

రేవు చుట్టూ మడ అడవులు ఉన్నాయి. కాకినాడ దగ్గరి కోరంగి చూసినవారికి ఆ వేళ్ళు, ఆ బురద, ఆ వాసన కొత్తగావు. డార్విన్‌లో ముప్పైకి పైగా మడజాతులు ఉన్నాయి. హోటళ్ళలో గొప్పగా వడ్డించే బారముండి అనే చేప కూడా కొత్తది కాదు. అది మన గోదావరి, కృష్ణా జిల్లాలవారు ఇష్టంగా తినే పండుగప్పే. ఈ చేప మగదిగా పెరిగి, కొన్నేండ్లకు ఆడదిగా మారుతుంది. వానాకాలం చివర, మార్చి, ఏప్రిల్ మాసాలలో, వరద నీరు పల్లపు మైదానాల నుంచి ఏరులలోనికి దిగేటప్పుడు చిన్న చేపలు కొట్టుకువస్తాయి. వాటి కోసం పండుగప్పలు కాలువ మొగల వద్ద కాచుకొని ఉంటాయి. గాలం వేసేవారు కూడా అక్కడే ఉంటారు.

పంచాంగంలో రెండవ పుట ఋతువులది. వలస వచ్చినవారు ఇక్కడ రెండే ఋతువులు చెబుతారు. మే నుంచి సెప్టెంబరు దాకా పొడికాలం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానకాలం. ఏడాదికి సుమారు 1700 మిల్లీమీటర్ల వాన ఆ రెండవ కాలంలోనే దాదాపు అంతా కురుస్తుంది. లారాకియావారి లెక్కలో ఋతువులు ఏడు, మన లెక్క కంటే ఒకటి ఎక్కువ. మంచు బాగా కురిసే కాలానికి ఒక పేరు, పెద్ద గాలుల కాలానికి మరొకటి, వానకు ముందటి ఉక్కపోత కాలానికి ఇంకొకటి. ఊరిని నిజంగా ఎరిగినవారి లెక్క ఇదేనని అక్కడ ఒక్క ఏడాది గడిపినవారు కూడా ఒప్పుకొంటారు.

మొదటిసారి వెళ్ళే కుటుంబానికి జూన్, జూలై మాసాలే తగినవి. పగలు ముప్పై డిగ్రీల ఎండ, రాత్రి చల్లని గాలి, మబ్బులేని ఆకాశం. ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా గురు, ఆదివారాల సాయంత్రం మిండిల్ తీరంలో సంత జరుగుతుంది. తూర్పుతీరంలో పుట్టిన తెలుగువారికి కడలిలో నుంచి సూర్యుడు ఉదయించడమే పరిచయం. ఇక్కడ సూర్యుడు కడలిలోనికి దిగిపోవడం చూడవచ్చు. పొడికాలంలో అడవిగడ్డికి పెట్టే మంటల పొగ వలన ఆ బింబం మరింత ఎర్రగా కనిపిస్తుంది.

నగరానికి దక్షిణంగా నూటికి పైగా కిలోమీటర్ల దూరంలో లిచ్‌ఫీల్డ్ జాతీయ ఉద్యానం ఉన్నది. జలపాతాలు, స్నానానికి వీలైన మడుగులు ఉన్నాయి. అయితే వాటికంటే చెదపుట్టల మైదానం చూడదగినది. పుట్ట కనబడితే పాలు పోసే సంప్రదాయంలో పెరిగినవారు కూడా ఇటువంటి పుట్టలను చూసి ఉండరు. మనిషి కంటే ఎత్తుగా, పలకలవలె పలుచగా, శ్మశానంలో నిలిపిన సమాధి రాళ్ళవలె వందల పుట్టలు ఒకే దిక్కుకు నిలిచి ఉంటాయి. వాటి సన్నని అంచులు ఉత్తర దక్షిణాలకు, వెడల్పైన ముఖాలు తూర్పు పడమరలకు తిరిగి ఉంటాయి. అయస్కాంతపు పుట్టలని పేరు వచ్చినది అందుకే. ఉదయపు లేత ఎండ వెడల్పు ముఖం మీద పడి పుట్ట త్వరగా వెచ్చబడుతుంది. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పలుచని అంచు మాత్రమే ఎండకు ఎదురవుతుంది. సాయంత్రం తిరిగి వెడల్పు ముఖం. లోపల ఉష్ణోగ్రత రోజంతా పెద్దగా మారదు. ఇతర చోట్ల చెదలు వేడి నుంచి తప్పించుకొనడానికి భూమి లోపలికి పోతాయి. ఈ మైదానం వానకాలమంతా నీటిలో మునిగి ఉంటుంది కనుక వీటికి ఆ దారి లేదు. లోతుకు పోలేనివి దిక్కు చూసి కట్టుకొన్నాయి. కకాడు ఉద్యానంలోని ప్రాచీన శిలాచిత్రాలు కూడా చూడవలసినవే, కాని అవి ఇంకా దూరం. వాటికి రెండు రోజులైనా కేటాయించాలి.

డిసెంబరులోనే వెళ్ళవలసి వచ్చినవారు సముద్రాన్ని విడిచి ఆకాశం వంక చూడాలి. నగరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో తివి దీవులు ఉన్నాయి. వానకు ముందటి మాసాలలో దాదాపు ప్రతి మధ్యాహ్నమూ, ఇంచుమించు అదే వేళకు, ఆ దీవుల మీద ఒక బ్రహ్మాండమైన ఉరుముల మేఘం లేస్తుంది. దానికి హెక్టర్ అని పేరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమాన చోదకులు దానిని దిక్కు గుర్తుగా వాడుకొని ఆ పేరు పెట్టారని చెబుతారు. ఎండకు దీవుల నేల వేడెక్కుతుంది. అన్ని వైపుల నుంచి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. ఎదురెదురుగా వచ్చిన ఆ గాలులు దీవి నడుమ ఢీకొని, పోవడానికి వేరే దారి లేక తేమతో సహా పైకి లేస్తాయి. మేఘం ఇరవై కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఇంత క్రమం తప్పని తుపాను మేఘం పరిశోధకులకు వరమే. 1995 నవంబరు, డిసెంబరు మాసాలలో శాస్త్రజ్ఞుల బృందాలు ప్రత్యేకించి దానినే పరిశీలించాయి. చీకటి పడిన తరువాత నైట్‌క్లిఫ్ తీరాన కూర్చొని చూస్తే, దూరపు మేఘాలలో మెరుపులు ఎడతెగకుండా వెలుగుతుంటాయి.

ఆ నీరు మాత్రం ప్రమాదకరం. అక్టోబరు మొదలు మే చివరి వరకు తీరపు నీటిలో పెట్టె ఆకారపు జెల్లీచేపలు ఉంటాయి. దేహం నీటివలె పారదర్శకం కావడం చేత పక్కనే ఉన్నా కనిపించవు. మూడు మీటర్ల వరకు సాగే వాటి తీగలనిండా లక్షల సంఖ్యలో సూక్ష్మమైన విషపు సూదులు ఉంటాయి. పెద్ద జంతువు తీగలు ఎక్కువగా చుట్టుకొంటే నిమిషాలలో గుండె ఆగిపోవచ్చు. చిన్నపిల్లల దేహం చిన్నది కనుక వారికి అపాయం మరీ ఎక్కువ. తీరాల వద్ద స్తంభాలకు వినెగర్ సీసాలు కట్టి ఉంచడం చూసి నవ్వేవారు ఉన్నారు. ఆ పులుపునీరు అప్పటికే దిగిన విషాన్ని తీయలేదు. ఇంకా పేలని సూదులను పేలకుండా ఆపుతుంది. అందుచేత చర్మాన్ని రుద్దకుండా, వెంటనే వినెగర్ పోసి, 000 నంబరుకు ఫోను చేయాలి. శ్వాస ఆగితే సహాయం వచ్చేదాకా గుండె మీద నొక్కుతూ ఉండాలి. జెల్లీచేపలు తగ్గిన మాసాలలో కూడా మొసళ్ళు ఉంటాయి. ఈత కోసం ఊరిలో వాటర్‌ఫ్రంట్ వద్ద గోడకట్టిన కొలను, ఈస్ట్ పాయింట్‌లో అలెగ్జాండర్ సరస్సు ఉన్నాయి. అక్కడ కూడా ఆనాటి హెచ్చరిక పలకను చదివి దిగాలి.

ఉప్పునీటి మొసళ్ళను చర్మం కోసం వేటాడి, 1971 నాటికి ఆ ప్రాంతమంతటా కొన్నివేలు మాత్రమే మిగిల్చారు. ఆ ఏడు చట్టం వేటను నిషేధించిన తరువాత అవి తిరిగి పెరిగి ఇప్పుడు లక్ష దాకా ఉన్నాయని అంచనా. నగరపు మ్యూజియంలో స్వీట్‌హార్ట్ అనే ముద్దుపేరుగల మొసలి దేహాన్ని భద్రపరిచారు. పొడవు 5.1 మీటర్లు, బరువు 780 కిలోలు. 1970లలో ఫినిస్ నదిలో పడవల మోటార్లను కొరికి పడేసేది. మోటారు మోతను మరొక మొసలి గర్జనగా అది భ్రమించి ఉంటుందని ఊహ. మనుషులను మాత్రం ముట్టలేదు. 1979లో దానిని ప్రాణాలతో వేరే చోటికి తరలించబోగా నీటిలో మునిగి చనిపోయింది.

అదే మ్యూజియంలో ఒక చిన్న చీకటి గది ఉన్నది. అందులో 1974 డిసెంబరు 24 రాత్రి ఒకరు రికార్డు చేసిన ధ్వని వినిపిస్తారు. అది ట్రేసీ అనే తుపాను గాలి హోరు. తుపానులలో అది చాల చిన్నది, పెనుగాలుల వ్యాసార్ధం యాభై కిలోమీటర్ల లోపే. కాని మెల్లగా కదులుతూ ఊరిమీద గంటలతరబడి నిలిచినది. విమానాశ్రయంలోని గాలిమర గంటకు 217 కిలోమీటర్ల వేగం చూపి చెడిపోయింది. 66 మంది మరణించారు. నూటికి డెబ్బైకి పైగా ఇళ్ళు నాశనమయ్యాయి. 47 వేల జనాభాలో ముప్పైవేలకు పైగా ఊరు విడువవలసి వచ్చినది. రేకుల పైకప్పులు ఒక్క దెబ్బకు ఎగిరిపోలేదు. ఇనుపతీగను అటూ ఇటూ వంచగా వంచగా విరిగినట్లు, గాలి విసురులకు మేకుల చుట్టూ రేకు చీలి ఊడిపోయింది. కప్పు పోగానే గోడలు నిలువలేదు. ఆ పాఠంతోనే ఆస్ట్రేలియా గృహనిర్మాణ నియమాలు మారాయి.

దివిసీమ ఉప్పెన చూసినవారికి ఈ గది వేరే విధంగా వినిపిస్తుంది. 1977 నవంబరు 19న అక్కడ దాదాపు పదివేల మందిని తీసుకొనిపోయినది ప్రధానంగా గాలి కాదు, లోతట్టు డెల్టా మీదికి గోడవలె వచ్చిన నీరు. డార్విన్ నగరంలో చాలావరకు గట్టు ఎత్తైనది. పైగా ఎనిమిది మీటర్ల ఆటుపోట్లున్న రేవులో ఉప్పెన ఏ గంటకు వచ్చినదన్న దానిమీద సర్వమూ ఆధారపడుతుంది. ఆటు వేళ వస్తే మామూలు పోటు గీతను కూడా దాటకపోవచ్చు. పోటు వేళ వస్తే చెప్పలేము.

గాలి లెక్క చూసుకొని ఈ తీరానికి వచ్చినవారు పూర్వం కూడా ఉన్నారు. ఇండోనేషియాలోని మకస్సర్ రేవు నుంచి నావికులు సముద్ర దోసకాయ అనే జంతువు కోసం ఏటా డిసెంబరు ప్రాంతంలో వాయవ్యపు గాలితో వచ్చేవారు. దానిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఏప్రిల్‌లో ఆగ్నేయపు గాలి తిరగగానే వెళ్ళిపోయేవారు. చైనాలో దానికి మంచి ధర. పద్దెనిమిదవ శతాబ్దం నుంచి సాగిన ఆ రాకపోకలు 1907 నాటికి నిలిచిపోయాయి. వారు తమ వంటకు చింతపండు తెచ్చుకొని, గింజలను మకాం వేసినచోటే వదిలేవారు. ఉత్తరతీరం పొడవునా ఆ పాత మకాముల గుర్తుగా చింతచెట్లు నిలిచి ఉన్నాయి. డార్విన్ వీధులలోనూ ముదురు చింతచెట్లు కనిపిస్తాయి. పొడికాలంలో కాయ పండి రాలుతుంది.