గట్టు వేస్తే చాలదు!

అన్నదమ్ములు పొలం పంచుకుని నడుమ గట్లు వేసుకుంటారు. అంతటితో పంపకం పూర్తయినట్టేనా? కాదు. పూర్వం కరణంగారి దస్త్రానికి ఎక్కితేగాని ఏ చెక్క ఎవరిదో తేలేది కాదు. కంప్యూటరు డిస్కు సంగతీ సరిగ్గా యింతే.

లినక్సు వ్యవస్థను ఒక్కొక్క యిటికే పేర్చి సొంతంగా కట్టుకునే సరదా కొందరికి వున్నది. 1999 లో గెరార్డ్ బీక్‌మన్స్ వెలువరించిన ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ వారికి దారి చూపే పుస్తకం. డిస్కును భాగాలు చేయడమంటే గట్లు వేయడం. ఆ తరువాత భాగంలో ఫైలు వ్యవస్థను నెలకొల్పాలి. ‘ఎంకేఎఫ్ఎస్’ అనే ఆజ్ఞ ఆ పని చేస్తుంది.

చేసేదేమిటంటారా? స్థలాన్ని సాధారణంగా 4,096 బైట్ల గళ్ళుగా లెక్కకట్టి, పుస్తకం తెరుస్తుంది. ప్రతి ఫైలుకూ ‘ఐనోడ్’ అనే ఖాతా. ఫైలు పరిమాణం, యజమాని, ఏయే గళ్ళలో వున్నదీ అందులో వుంటాయి. పేరు మాత్రం వుండదు! అది వేరే పట్టికలో, ఖాతా సంఖ్య పక్కన వుంటుంది.

1991 లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించినప్పుడు మినిక్స్ ఫైలు పద్ధతినే అరువు తెచ్చుకున్నాడు. అందులో పేరు 14 అక్షరాలు మించరాదు. 1993 లో ఈఎక్స్‌టీ2, 2001 లో ఈఎక్స్‌టీ3, 2008 లో ఈఎక్స్‌టీ4 వచ్చాయి. వీటిలో పేరుకు 255 బైట్లు. తెలుగు చిహ్నం ఒక్కొక్కటి 3 బైట్లు గనుక మనకు 85 చిహ్నాలు దక్కుతాయి. గుణింతాలూ లెక్కలోకే వస్తాయి సుమా!

ఈఎక్స్‌టీ3 తెచ్చిన గొప్ప మేలు ‘జర్నల్’. షావుకారు ముందు చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కించినట్టు, జరుగబోయే మార్పును ముందుగా అందులో వ్రాసుకుంటుంది. నడుమ కరెంటు పోయినా చిట్టా చూసి లెక్క సరిదిద్దుకుంటుంది.

కరెంటు పోటును కాచే చిట్టా మన తొందరపాటును కాయలేదు. నాకు తెలిసివచ్చిన సంగతే చెబుతాను. కొత్త డిస్కు సిద్ధం చేస్తూ ‘ఎస్‌డీబీ1’ అనవలసిన చోట ‘ఎస్‌డీసీ1’ అని కొట్టాను. “ఇందులో ఇదివరకే ఫైలు వ్యవస్థ వున్నది, సాగించనా?” అని అది అడిగింది కూడాను. అలవాటు కొద్దీ ‘వై’ నొక్కాను. అది మా యింటి పాత ఫోటోల డిస్కు!

పాతకాలపు తిరిగే పళ్ళాల డిస్కు గనుక, ఎంకేఎఫ్ఎస్ కొత్త పుస్తకం వ్రాసిందేగాని గళ్ళన్నీ తుడవలేదు. అందులో మరేమీ వ్రాయకుండా ఆపి, వెతికించే ప్రోగ్రాముతో చాలా బొమ్మలు తిరిగి రాబట్టాను. పేర్లు మాత్రం రాలేదు. ఎవరెవరో బామ్మ వేలు పెట్టి చూపుతూ చెబితే, ఆ పేర్లే ఫైళ్ళకు పెట్టివున్నాను. బామ్మ యిప్పుడు లేదు.

అందుకే, ఎంకేఎఫ్ఎస్ కొట్టేముందు ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కొట్టి డిస్కుల పరిమాణాలు సరిచూసుకోండి. అక్కరలేని డిస్కు తీగ ఊడదీయండి. ముఖాలు దొరికినా పేర్లు దొరకవు.