మీకు తెలుసా? నడకయు నొక చికిత్సయే
కుంగుబాటునకు లోనైన, ఏబదియేండ్లు దాటిన 156 మందిని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలింపగా, వారమునకు మూడుమారులు అరగంటసేపు వడిగా నడచుటయో మెల్లగా పరుగిడుటయో చేసినవారును, మాత్రలు సేవించినవారును 16 వారములకు ఇంచుమించు సమానముగనే తేరుకొనిరని 1999లో వెల్లడియయ్యెను. మాత్రల గుణము తొలుత త్వరగా కనబడినను, వ్యాయామముచే కోలుకొన్నవారికి పిదప వ్యాధి తిరుగబెట్టుట తక్కువయయ్యెను.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు అనంతపురము పీఠభూమిలో, వేరుసెనగ పెఱికి, కాయ కోసి, కట్టెను వామి వేసిన పిదప, మరల ఏరువాక వచ్చువరకు మెట్టరైతునకు పొలమున పని యుండదు. దేహశ్రమయు, పదిమందితోడి పలుకరింపును ఒక్కసారిగా సన్నగిల్లి మనసు కుంగుటకు తావిచ్చు ఆ నెలలయందే, నా తలంపున, వేకువనే తోడొకరిని పిలుచుకొని చెఱువుకట్ట వెంబడి నడచుట మిక్కిలి యావశ్యకము. వైద్యుడు వ్రాసిన మందును మాత్రము తనంతట మానరాదు. ప్రభుత్వ మానసికారోగ్య సహాయవాణియైన టెలీ మానస్ 14416 నకు ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును.