పల్సార్ పుట్టినచోటు ఎక్కడ?

సూర్యునికంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రం తన ఇంధనం అయిపోగానే లోపలికి కూలి, ఆపై పేలిపోతుంది. దీనినే సూపర్‌నోవా అంటారు. ఈ పేలుడు తర్వాత సాధారణంగా రెండు మిగులుతాయి: ఒకటి, నలువైపులా విస్తరిస్తూ పోయే వాయు వలయం, రెండవది, గిరగిర తిరుగుతూ తరంగాలు వెదజల్లే చిన్న గోళం, అనగా పల్సార్. పేలుడు అన్నివైపులా సమంగా జరగదు. అందుచేత పల్సార్ ఒక ప్రక్కకు విసిరివేసినట్లు పుట్టినచోటు విడిచి వెళ్ళిపోతుంది.

అయితే ఒక వలయం దగ్గర పల్సార్ కనిపించినంత మాత్రాన రెండింటి పుట్టుకా ఒకటేనని చెప్పవచ్చునా? చెప్పలేము. ఒకటి దగ్గరా, మరొకటి ఎంతో దూరానా ఉండి, మన చూపుకు మాత్రమే ప్రక్కప్రక్కన కనిపించవచ్చు. వృషభరాశిలోని క్రాబ్ నెబ్యులా విషయంలో ఈ చిక్కు లేదు. 1054లో కనిపించిన ఆ పేలుడును చైనావారు వ్రాసిపెట్టారు. బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ పేర్కొన్న కొత్త నక్షత్రం కూడా అదేనని కొందరు పండితుల అభిప్రాయం. ఇలాంటి వ్రాత లేనిచోట పల్సార్ నడకే సాక్ష్యం.

కాసియోపియా రాశిలో సి.టి.బి. 1 అనే వలయం ఉంది. దాని వెలుపల, సెకనుకు 8.7 సార్లు తిరిగే ఒక పల్సార్ 2017లో వెల్లడైంది. దాని వెనుక ఉన్న పొడవైన తోక సరిగ్గా ఆ వలయం కేంద్రాన్నే చూపుతున్నదని 2019లో తెలిసింది. అప్పటి లెక్కలో దాని వేగం సెకనుకు సుమారు 1,100 కిలోమీటర్లు. తర్వాత, వేల కిలోమీటర్ల మేర పరచివున్న పది రేడియో దూరదర్శినులతో దాని స్థానాన్ని సూక్ష్మంగా కొలిచారు. 2023లో ప్రకటించిన ఆ ఫలితంలో దిశ మారలేదు; వేగం మాత్రం సుమారు 335 కిలోమీటర్లకు తగ్గింది.

వయస్సు ఎలా తెలుస్తుంది? ఒక డిగ్రీలో 60 కలలు, ఒక కలలో 60 వికలలు. వలయ కేంద్రానికీ పల్సార్‌కూ మధ్య ఎడం సుమారు 28 కలలు, అనగా దాదాపు పున్నమి చంద్రుని వెడల్పు. పల్సార్ ఏడాదికి జరిగేది వికలలో వెయ్యింట 35 వంతులు. భాగిస్తే దాదాపు 47,600 సంవత్సరాలు వస్తుంది. వేగం కట్టడానికి పల్సార్ మనకెంత దూరంలో ఉన్నదో తెలియాలి. ఈ లెక్కకు ఆ అవసరం లేదు.

భ్రమణం నెమ్మదించే తీరునుబట్టి కట్టిన వయస్సు మాత్రం సుమారు 3,06,000 సంవత్సరాలు! పుట్టినప్పుడు పల్సార్ ఎంతో వేగంగా తిరిగిందని ఊహించి కట్టిన లెక్క అది. సి.టి.బి. 1 దాని పుట్టినచోటే అయితే ఆ ఊహ ఇక్కడ చెల్లదు. అది ఇంచుమించు నేటి వేగంతోనే తిరుగుతూ పుట్టి ఉండాలి.