చిలుక చాంచల్యము

మా యూరి పెద్దలొకరు నన్ను ఇట్లడిగిరి: “మాయింటి చిలుక ఒక్క క్షణము నిలుకడగా నుండదు. అరచును, కఱచును, పంజరపు కమ్ములను గొఱుకును. దీనికి మందేమి?” మందు చెప్పుటకు ముందు నా తప్పొకటి చెప్పుకొనవలెను.

1969లో నాకు తొమ్మిదేండ్లు. మా తాతగారి యింట నొక రామచిలుక యుండెడిది. తాటిచెట్టు తొఱ్ఱనుండి యెవరో దింపి తెచ్చిన పిల్ల యది. దానికి పలుకులు నేర్పు పని నాకు అప్పగించిరి. బడిలో మాకు చదువు చెప్పిన తీరుననే నేను దానికి చెప్పితిని. పలుకనిచో జామపండు చూపి వెనుకకు దీసికొంటిని. అరచినచో కఱ్ఱతో పంజరము కొట్టితిని. అది నా వ్రేలు రక్తము వచ్చునట్లు కఱచెను. కొన్ని నెలలకు తన రొమ్ముమీది యీకలను తానే పెఱుకుకొన నారంభించెను. ఇంటివారు దృష్టిదోషమని మిరపకాయలు దిగదుడిచిరి. ఒక వానకాలపు ఉదయమున అది పంజరము అడుగున పడియుండెను. అప్పటికి దానికి వచ్చిన పలుకు నా పేరొక్కటే.

దాని రోగమేమో చాలకాలము నాకు తెలియలేదు. రెండేండ్ల క్రిందట పట్టణమున నుద్యోగము చేయు మా అబ్బాయి, వేఱొక యూరికి మాఱుచు, తన కాకటీల్ పక్షిని మాయింట విడిచి వెళ్లెను. ఇది చిలుకలకు దగ్గఱి చుట్టము. ఆస్ట్రేలియాలోని మెట్టభూముల పక్షి. జానెడున్నరకు లోపు పొడవు, తలపై జుట్టు, చెక్కిళ్లపై నారింజవన్నె చుక్కలు. వచ్చిన మూడవ నాటి రాత్రి చీకటిలో పంజరమంతయు కొట్టుకొని రెండు రెక్కయీకలు విఱుచుకొనెను. నాకు పాత చిలుక జ్ఞప్తికి వచ్చెను. ఈ మాఱు కఱ్ఱ తీయక పశువైద్యుని యొద్దకు బోయితిని. ఆయన చెప్పినదియు, నేను చూచి తెలిసికొన్నదియు మీకు మనవి చేయుచున్నాను.

చిలుక వేటాడు పక్షి కాదు. వేటకు గుఱియగు పక్షి. అందుచేతనే దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండి చుట్టును కాపు కాయుచుండును. దానికి డేగ మీదనుండి వచ్చును. మన చేయి మీదనుండి దిగినప్పుడు దానికి తోచునది డేగయే. అడవిలోనైన ఎగిరిపోవును. పంజరములో ఎగురుటకు తావు లేదు గనుక కఱచును. కాటు కోపమువలన గాక, తప్పించుకొను దారి లేక పుట్టుచున్నది.

రెండవది, చిలుకలు గుంపులుగా బ్రదుకును. ప్రొద్దుటను సందెవేళను అవి అరచుట ఒండొంటిని పిలుచుకొనుట. మీరు గది విడిచి పోగానే చిలుక యరచినచో, “ఎక్కడ నున్నావు?” అని అడుగుచున్నదని గ్రహింపుడు. అవతలినుండి మెల్లగా నొక మాట పలికిన నూఱట జెందును. కసరినచో ఆ కేకయు దానికి బదులే యగును; మఱింత యరచును.

మూడవది, పని. అడవిలో దానికి పగటిలో చాలభాగము మేత వెదకుటతోడను, కొయ్య కొఱుకుటతోడను గడచును. పంజరములో గిన్నె నిండియుండగా కొద్దిసేపటిలో పని తీఱును. తక్కిన పగలెల్ల ఏమి చేయును? ఊచలు కొఱుకును; ఈకలు పెఱుకుకొనును. వేపపుల్లలు, జొన్నకంకులు, కొబ్బరిపీచు ఇచ్చిన ముక్కునకు పని కలుగును.

నాల్గవది నిద్ర. వీనికి రాత్రి పది పండ్రెండు గంటల నెమ్మది కావలెను. కాకటీల్‌కు చీకటిలో బెదరు అధికము. బల్లి ప్రాకినను, బండి దీపము గోడపై పడినను ఉలికిపడును. ఒక చిన్న దీపముంచగా మా పక్షి రాత్రులు కొట్టుకొనుట చాలవఱకు మానెను.

దాని మనస్సు జుట్టులో తెలియును. జుట్టు నిట్టనిలువుగా లేచిన బెదరు. తలకంటుకొని బుసకొట్టిన “దగ్గఱకు రావలదు” అనుట. సగము వాలియున్న నెమ్మది.

ఇక చెలిమి సంగతి. మొదటి వారము పంజరము ప్రక్క కూర్చుండి, దానివంక సూటిగా చూడక, పద్యములు చదువుకొంటిని. రెండవ వారము కొఱ్ఱకంకి కొనను ఊచలలోనుండి చాచితిని. అది వచ్చి తినువఱకు కదలలేదు. పిదప తలుపు తెఱచి, చేతిని మీదనుండి గాక రొమ్మునకు దిగువగా పెట్టితిని. జుట్టు లేచిన తోడనే చేతిని వెనుకకు దీసికొంటిని. ఈ వెనుకకు దీయుటయే ముఖ్యము. తాను వలదన్న మాట చెల్లునని తెలిసిన పక్షికి కఱవ నక్కఱ లేదు. నలువది దినములకు అది తానై నా వ్రేలెక్కెను. ఒకనాడు తొందరలో దానిని పిడికిట పట్టి పంజరమున వేసితిని. మరల మూడు వారములు దగ్గఱకు రాలేదు.

చాంచల్యమునకు మాఱుగా పక్షి యీకలుబ్బించుకొని ముడుచుకొన్నను, మేత మానినను, ఊపిరితోపాటు తోక యూగినను అది రోగము. పక్షులు రోగమును దాచుకొనును. కనుక నాడే వైద్యునికి చూపవలెను. సాంబ్రాణిపొగ, వంటపొగ పంజరమునకు తగులనీయరాదు.

ఒక హెచ్చరిక. మన రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేడు నేరము. మీయింట నున్నచో అటవీశాఖవారికి తెలుపుడు. మీ యంతట మీరు తలుపు తెఱచి విడువకుడు. మేత వెదకుట నేర్వని పక్షి బయట బ్రదుకుట కష్టము. పెద్ద విదేశీ చిలుకలు అనేకమునకు రిజిస్ట్రేషను కావలెను. కొనుటకు ముందే విచారింపుడు.

పూర్వజన్మమున చిలుకను పంజరమున నుంచినందుననే రామదాసు గోలకొండలో పండ్రెండేండ్లు చెఱ ననుభవించెనని మన పెద్దలు కథ చెప్పుదురు. బాల్యమున ఆ కథ విన్న నాడే మా చిలుక అరుగుమీద నుండెను. కథకు కన్నీరు పెట్టితిని గాని, లేచి దాని దగ్గఱకు పోలేదు. మీ యింట నిలుకడ లేని పక్షి యున్నచో, ఈ సాయంకాలము దాని ప్రక్క కొంతసేపు ఊరక కూర్చుండుడు. అది దేనికి బెదరుచున్నదో మీకే తెలియవచ్చును.