కప్పు లేని ఇంట్లో నాలుగు నెలలు

2014 అక్టోబర్ 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను నెల్లిమర్లలోని మా పెంకుటింటి కప్పును సగానికి పైగా లేపివేసింది. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) కొలువుకు వార్త మోసుకొచ్చిన పక్షి పేరు అది. తుఫానుకు ఆ పేరును సూచించింది ఒమాన్ దేశం. మాకు అది తెచ్చిన వార్త ఒక్కటే: దూలాలకు చెద పట్టింది. అయినా పెంకులు సర్దుకుంటూ ఏళ్ళు నెట్టుకొచ్చాము. చివరకు మొన్నటి వేసవిలో కప్పు విప్పి శ్లాబు వేయించడానికి పూనుకున్నాము.

విజయనగరంలో అద్దె ఇల్లు చూసుకొమ్మని బంధువులు చెప్పారు. అద్దెకు పోయే డబ్బు సిమెంటుకు పనికివస్తుందన్నది మా లెక్క. పైగా మా అమ్మగారు ఈ గడప దాటి ఉండలేనన్నారు. అందుచేత ముందు వీధివైపు గదులు, అవి పూర్తయ్యాక వెనుక గదులు కట్టాలనీ, మిగిలిన సగంలో ఏడుగురమూ సర్దుకోవాలనీ నిశ్చయించుకున్నాము.

దుమ్ము, చప్పుడు అందరూ ఊహించగలిగినవే. మేము ఊహించనిది పరదా సంగతి. ఉదయం ఏడు గంటలకు పనివారు వస్తే సాయంత్రం దాకా ఇల్లు వీధితో సమానం. నూర్ సూరా 27వ ఆయతులో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడిగి, సలాం చెప్పి ప్రవేశించాలని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. 58వ ఆయతులో ఇంటిలోని సేవకులు, పిల్లలు సైతం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం వస్త్రాలు సడలించుకునే వేళ, ఇషా తరువాత అనుమతి కోరాలని ఉంది. ఈ పాఠాన్ని ఎన్నో ఏళ్ళుగా మదర్సాలో చెబుతున్నాము. తలుపులే ఊడదీసిన ఇంట్లో ఎక్కడ తట్టి అనుమతి అడగాలో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

దారి చూపింది మా ఇంటివారే. జూట్ మిల్లు ఉన్న ఊరు కనుక గోనెపట్టాకు కొదవ లేదు. వెదురు గెడలు నాటి, పట్టాలు కుట్టి ఇంటి మధ్య తెర కట్టించారు. తెర దగ్గరకు రాకముందే మేస్త్రీ కేక వేయాలి; జుహర్ తరువాత ఒక గంట లోపలి వైపు ఎవరూ రాకూడదు. ఆ తెరను చూసినప్పుడు మాకు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజియల్లాహు అన్హు) గుర్తుకు వచ్చారు. ముట్టడిలో కాలి దెబ్బతిన్న కాబా గృహాన్ని ఆయన విప్పి తిరిగి కట్టించినప్పుడు, గోడలు లేచేవరకు చుట్టూ స్తంభాలు నిలిపి తెరలు కట్టించారు. ప్రజలు ఆ తెరల వైపే తిరిగి నమాజు చేశారు.

శ్లాబు పోశాక పైన మట్టికట్టలతో మడులు కట్టి నీరు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు తడి ఆరకూడదు. ఆ పని మా మనుమళ్ళు సంతోషంగా చేశారు. ఉబ్బసం ఉన్న అమ్మగారికి గోడలు కొట్టే రోజులు కష్టంగా గడిచాయి. ఆ నాలుగు రోజులు మాత్రం పక్కింటివారు ఆమెను తమ ఇంటిలో ఉంచుకున్నారు. వారి ప్రహరీ మీద మా ఇటుక రాళ్ళు పడినా ఒక్క మాట అనలేదు.

ఒక విషయం చెప్పకుండా దాటవేస్తే న్యాయం కాదు. ఒక శనివారం మేము కూలీ ఇవ్వలేదు. చేతిలో డబ్బు ఉంది, కానీ సోమవారం ఇనుముకు కావాలని దాచాము. మేస్త్రీ తల వంచుకొని, “ఏటి సేత్తాం బాబూ, సోమారమే ఇయ్యండి. పిల్లలకే సెప్పుకోవాల” అని వెళ్ళిపోయాడు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి ఆదేశాన్ని ఆ వారమే పిల్లలకు వల్లె వేయించాము. ఇషా నమాజులో నిలబడలేకపోయాము. రాత్రికి రాత్రే చంపావతి ఒడ్డు దిక్కున ఉన్న అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి డబ్బు చేతిలో పెట్టాము. అతడు మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

ఇనుము ఆగిపోయింది. వెనుక గదులు రెండు అనుకున్నవి, ఒకదానికే డబ్బు చాలింది. బ్యాంకు రుణం తీసుకోమని మా పెద్దబ్బాయి పట్టుబట్టాడు. వడ్డీ అని మేమన్నాము. “అందరూ తీసుకుంటున్నారు కదా, అబ్బా! ఎండలో నానమ్మను ఎంతకాలం ఉంచుతారు?” అన్నాడు. అతని ప్రశ్నలో తల్లిదండ్రుల పట్ల ప్రేమే ఉంది గనుక కోపగించుకోలేదు. ఖురైషులు కాబాను పునర్నిర్మించినప్పటి సంగతి చెప్పాము. అప్పటికి ప్రవక్త (స) వారి వయస్సు 35 ఏళ్ళు. వడ్డీ సొమ్ము, అన్యాయపు సొమ్ము కలపరాదని నియమం పెట్టుకున్నది ఆ ఖురైషులే. ఇంకా ఇస్లాం రాలేదు. ధర్మసమ్మతమైన డబ్బు చాలక కట్టడాన్ని కుదించారు. విడిచిన ఆ భాగమే హతీమ్. నేటికీ అది గోడల బయటే ఉంది, తవాఫ్ చేసేవారు దాని అవతలి నుండే తిరుగుతారు. అబ్బాయి ఒప్పుకున్నాడని చెప్పలేము. మరునాడు బ్యాంకు కాగితాలు మాత్రం బీరువాలో పెట్టేశాడు.

రెండవ గది పునాది దగ్గరే ఆగింది. అసర్ తరువాత అమ్మగారు అక్కడ నులకమంచం వేయించుకొని తస్బీహ్ చేసుకుంటారు. పునాదిలోంచి ఊచలు పైకి లేచి ఉన్నాయి. వానలకు తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూయమని మేస్త్రీ చెప్పి వెళ్ళాడు. ఆ పని ఈ శుక్రవారం చేయాలి.