నడుము నుంచి నుదుటికి ఒక తీగె

పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని పేరు మీరు వినే ఉంటారు. సింగరేణి బొగ్గు గనుల ఊరు అది. అక్కడివారు గనిని 'బాయి' అంటారు. భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు ముందుగా ల్యాంప్ రూముకు వెళ్తాడు. చార్జింగు మీద ఉన్న దీపం తీసుకుంటాడు. బ్యాటరీని నడుము బెల్టుకూ, దీపాన్ని తలమీది టోపీకీ తగిలించుకుంటాడు. ఆ రెండింటి మధ్య, వీపు మీదుగా, ఒక నల్లని రబ్బరు తీగె ఉంటుంది.

దీపం సంగతి అందరూ చెబుతారు. డేవీ 1815లో కనిపెట్టిన రక్షక దీపం మీ పాఠ్యపుస్తకంలో కూడా ఉండవచ్చు. ఎడిసన్ 1914 ప్రాంతంలో తయారుచేసిన విద్యుత్ టోపీ దీపం గురించి కొందరికి తెలుసు. మధ్యలో ఉన్న ఆ తీగెను మాత్రం ఎవరూ పట్టించుకోరు. దానిలో ఏముంది అంటారా? ఒక లెక్క వేసి చూడండి.

కార్మికుడు నిమిషానికి 10 సార్లు తల ఆడిస్తాడనుకుందాం. 8 గంటల షిఫ్టులో అది 4,800 సార్లు. ఏడాదికి 300 పనిదినాలైతే 14 లక్షల 40 వేల సార్లు! అన్నిసార్లూ ఆ తీగె వంగాలి, మళ్ళీ నిటారు కావాలి. ఒక్కసారి లోపల తెగిందా, గని అడుగున మనిషి చీకట్లో నిలబడిపోతాడు. అది మామూలు చీకటి కాదు. కంటి ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనిపించదు.

ఇప్పుడు ఒక ఇనుప తీగె ముక్కను తీసుకొని ఒకేచోట అటూ ఇటూ వంచండి. పదిసార్లో, ఇరవైసార్లో వంచాక పుటుక్కున విరుగుతుంది. మీరు దాన్ని లాగలేదు, కోయలేదు. మరెందుకు విరిగింది? వంచినప్పుడు తీగె వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. మళ్ళీ మళ్ళీ ఇలా జరిగితే కంటికి కనపడని పగులు ఒకటి పుట్టి, వంచిన ప్రతిసారీ కొంచెం కొంచెం పెరుగుతుంది. లోహం అలసిపోయిందంటారు ఇంజనీర్లు. చక్కని మాటే.

ఎంత సాగుతుందో లెక్క కట్టడం సులభం. తీగె మందంలో సగాన్ని, వంపు వ్యాసార్ధంతో భాగించండి. 2 మి.మీ. మందం గల రాగి తీగెను 20 మి.మీ. వ్యాసార్ధంతో వంచితే వెలుపలి అంచు 20లో 1 వంతు, అంటే 5 శాతం సాగుతుంది. రాగికి అది చాలా ఎక్కువ. అదే 0.2 మి.మీ. సన్నని తీగె అయితే? అర శాతమే! అలాంటి సన్నని పోగులు 100 కలిపితే, లావు తీగెలో ఎంత రాగి ఉందో అంతే రాగి, ప్రవహించే విద్యుత్తూ అంతే. కాని మన్నిక పదిరెట్లు కాదు, వంద రెట్లకు మించి పెరుగుతుంది.

పోగులను ఊరికే పక్కపక్కన పేరిస్తే చాలదు. కొబ్బరితాడు పేనినట్లు పేనాలి. పేనిన తాడులో ప్రతి పోగూ కాసేపు వంపుకు వెలుపల, కాసేపు లోపల ఉంటుంది. వెలుపల సాగిన పోగు లోపలి నుంచి కాస్త జారి సర్దుకుంటుంది. ఏ ఒక్క పోగు మీదా భారమంతా పడదు.

ఈ కిటుకు గద్వాల చీర నేసేవారికి కొత్తదేమీ కాదు. అసలైన జరీ పోగును విప్పి చూస్తే లోపల పట్టుదారం, దాని చుట్టూ మెలికలు తిరిగిన వెండి రేకు కనిపిస్తాయి. బరువును దారం మోస్తుంది, మెరుపును రేకు ఇస్తుంది. రేకు స్ప్రింగులా చుట్టుకొని ఉంది కనుక చీర మడత పెట్టినా తెగదు. పాతకాలపు టెలిఫోను రిసీవరు తీగెలో సరిగ్గా ఇదే నిర్మాణం: నూలుదారం చుట్టూ పలుచని రాగి రేకు. వెండి మంచి విద్యుద్వాహకం కూడా. అంటే మన పెట్టెలో దాచిన పట్టుచీర అంచు ఒక విద్యుత్ తీగెే అన్నమాట!

ఇప్పుడు ప్రపంచమంతటా కొన్ని ప్రయోగశాలలు ఈ దారిలోనే పోతున్నాయి. అమెరికాలోని జార్జియా టెక్‌లో సుందరేశన్ జయరామన్ బృందం 1996 నుంచి నేతలోనే తీగెలు కలిపిన చొక్కాను రూపొందించింది. తొడుక్కున్నవాడి గుండె వేగం అది బయటికి చెబుతుంది. 2007లో, దారంతో బట్టకు కుట్టుకోగల చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ళలు అంగట్లోకి వచ్చాయి. వాటిని కలిపేది వెండిపూత పూసిన నైలాన్ దారం. సూదితో కుట్టడమే, తీగెలు లేవు. బట్ట సాగినప్పుడు తెగకుండా కుట్టును వంకరటింకరగా వేస్తారు.

అయితే చిక్కంతా ఎక్కడుందో తెలుసా? దారంలో కాదు, అతుకులో. మెత్తని దారం గట్టి బిళ్ళను కలిసేచోట. బట్ట వంగుతుంది, బిళ్ళ వంగదు. వంపు మొత్తం ఆ ఒక్క గీత మీదికి వచ్చి పడుతుంది. తీగెను సోల్డరింగు చేశారనుకోండి. కరిగిన లోహం దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లు పోగుల మధ్యకు ఎక్కుతుంది. అంతవరకు నూరు పోగులుగా ఉన్న తీగె ఒక్క లావు తీగె అయిపోతుంది. తెగితే సరిగ్గా సోల్డరింగు ఆగినచోట తెగుతుంది. అందుకే కదిలే తీగెల కొసలను చాలాచోట్ల లోహపు తొడుగు పెట్టి గట్టిగా నొక్కుతారు. కొంత వెనక తీగెను బిగించి పట్టుకొని, బరువు అతుకు మీదకు రాకుండా చూస్తారు. క్యాప్ ల్యాంపు తీగె బ్యాటరీలోకి దూరేచోట రబ్బరు తొడుగు ఉండేది కూడా అందుకే. వంపును ఒక్క గీత మీద కాక, కొంత పొడవునా పంచుతుంది.

రామగుండం ప్రాంతంలోనే, అడ్రియాల గనిలో 2014లో లాంగ్‌వాల్ యంత్రాలతో తవ్వకం మొదలైంది. ఇలాంటి గనిలో బొగ్గును కోసే యంత్రం గోడ వెంట ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ, లావాటి కేబులును వెంట లాక్కుపోతుంది. ఆ కేబులును గొలుసులాంటి తొడుగులో పెడతారు. గొలుసు కొంతవరకే వంగుతుంది. కనుక కేబులు అంతకు మించి వంగలేదు.

గని కేబుళ్ళలో నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. కొన్ని రకాలలో ఒక్కొక్క తీగె చుట్టూ రాగి తీగెనూ నైలాన్ దారాన్నీ కలిపి అల్లిన జాలి ఉంటుంది. అంటే అది బట్టే! రాయి పడి కేబులులోకి గుచ్చుకుంటే జాలి లోపలి తీగెను తాకుతుంది. వెంటనే విద్యుత్తు భూమిలోకి దారి తీస్తుంది, స్విచ్చి తనంతట తానే పడిపోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం వరకు ఉంటే పేలుతుంది. దాన్ని అంటించడానికి ఒక మిల్లీజౌలులో మూడోవంతు శక్తి కూడా అక్కరలేదు. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయారు. అక్కడ రెండు వట్టి తీగెలను తాకించి గంట మోగించేవారు. ఆ నిప్పురవ్వే కారణమని అనుమానించారు, కచ్చితంగా తేలలేదు. కాని రవ్వ వచ్చినా వాయువు అంటుకోనంత తక్కువ శక్తితో నడిచే వలయాలను గనుల కోసం రూపొందించే పని ఆ తరువాతే ఊపందుకుంది.

చొక్కాలో కుట్టిన వెండి దారం కూడా వట్టి తీగెే కదా! చెమట తగిలితే? మడతలో రెండు దారాలు కలుసుకుంటే? ఉతికినకొద్దీ వెండి పూత రాలిపోతే? చొక్కా మడతలో రవ్వ రావడానికీ గనిలో రవ్వ రావడానికీ ఎంత తేడా ఉందో మీకు తెలుసు. దారం మీద రబ్బరులాంటి పూత పూస్తే సరిపోతుంది కాని, అప్పుడది సూదిలోంచి దూరదు, బట్టలా వంగదు. ఈ సమస్య పూర్తిగా తేలలేదు.

ఇంట్లో పాత జరీ పోగు దొరికితే ఒక ప్రయోగం చేయండి. రెండు టార్చి సెల్లులు, 100 ఓముల నిరోధం, ఎర్రని ఎల్.ఇ.డి. ఒకదాని తరువాత ఒకటి కలిపి, మధ్యలో జరీ పెట్టండి. ఇంటి కరెంటు జోలికి మాత్రం వెళ్ళకండి. కొన్ని జరీలతో వెలుగు వస్తుంది, కొన్నిటితో రాదు. రానిది ప్లాస్టిక్ రేకు జరీ కావచ్చు, లేదా పైన వార్నీషు ఉండవచ్చు. కొస గీకి మళ్ళీ చూడండి. వెలిగినదాన్ని ఒక అట్టకు బిగించి, అట్ట అంచు దగ్గర వంచుతూ, ఎన్నోసారికి ఆరిపోయిందో రాసుకోండి. తరువాత అదే అంచుకు సైకిలు ట్యూబు ముక్క అతికించి, కొత్త పోగుతో మళ్ళీ లెక్కపెట్టండి.