వెనక మంట, ముందు వణుకు!

బుల్లెట్ ఇంజిన్ మీద రేకులు రేకులుగా ఫిన్స్ ఎందుకుంటాయో తెలుసు కదా. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. తగిలే గాలికే ఇంజిన్ చల్లారాలి. అలాంటి సిలిండర్లు నాలుగు తీసుకెళ్లి ఓ వ్యాన్ వెనక భాగంలో పెట్టి, డ్రైవర్‌ని మాత్రం ఆ చివర, ముందు చక్రాల మీద కూర్చోబెట్టండి. అదే ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. ఇన్‌స్టాలో రెండు రంగుల్లో, గుండ్రటి హెడ్‌లైట్లతో బీచ్ పక్కన పోజిచ్చే ‘హిప్పీ వ్యాన్’. రీల్స్‌లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. చలికాలంలో దాన్ని నడిపేవాళ్ల కాళ్లు కొయ్యబారిపోతాయి.

హైదరాబాద్‌లో హీటర్ ఎవడిక్కావాలి అంటారా? జనవరిలో తెల్లవారుజామున శామీర్‌పేట చెరువు పక్క నుంచి బండి మీద వెళ్లినవాళ్లు ఆ మాట అనరు. చెరువు మీద నుంచి లేచే మంచుకి హెడ్‌లైట్ వెలుగు పది గజాలు కూడా పోదు. ఇంకో సంగతి, మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కామారెడ్డి, నిర్మల్ దాటి ఆదిలాబాద్ వస్తుంది. అక్కడ చలికాలం రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. అదే రోడ్డు వదలకుండా పోతే శ్రీనగర్! క్యాంపర్ వ్యాన్ ఉన్నవాడు అటు చూడకుండా ఉంటాడా?

మా బ్యాచ్‌లో ఒకడు అలాంటి పాత వ్యాన్‌ని బాగు చేయించే పనిలో పడ్డాడు. ఆదిలాబాద్ ట్రిప్, రాత్రికి వ్యాన్‌లోనే పడక. హీటర్ సంగతేంట్రా అంటే, ‘‘ఏముందిరా, చిన్న కుంపటి పెట్టుకుంటే సరి’’ అన్నాడు. ఆ కుంపటి మాట దగ్గరే నేను ఆగిపోయాను. దానికి మళ్లీ వస్తా. ముందు అసలు హీటర్ కథ.

ఈ వ్యాన్‌కి మూలం 1947లో బెన్ పోన్ అనే డచ్ వ్యాపారి నోట్‌బుక్‌లో గీసిన ఓ పిచ్చి గీత. 1950లో జర్మనీలో తయారీ మొదలైంది. 60లు, 70లలో టర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా రోడ్డు మార్గంలో మన దేశం దాకా వచ్చిన విదేశీ కుర్రకారులో చాలామంది ఎక్కి వచ్చింది దీన్నే. బ్రెజిల్‌లోనైతే ‘కోంబి’ పేరుతో 2013 దాకా తయారైంది. అందులో గాలితో చల్లారే ఇంజిన్ 2005 చివరి వరకు ఉంది. అంటే మనలో చాలామంది స్కూల్లో ఉన్నప్పుడు కూడా ఇది కొత్త బండిగా అమ్ముడైందన్నమాట.

మామూలు కారులో హీటర్ సులువు. ఇంజిన్‌ని చల్లార్చిన వేడి నీళ్లని డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి తిప్పి, ఫ్యాన్‌తో ఊదితే చాలు. ఇంజిన్ కాస్త వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగినా వేడి వస్తూనే ఉంటుంది. మన మారుతి ఓమ్నీలోనైతే ఇంజిన్ ముందు సీట్ల కిందే! ఎండాకాలం సీటు కాలి తిట్టుకున్నా, చలికాలం అది ఫ్రీ హీటర్.

టైప్ 2లో నీళ్లు లేవు కాబట్టి వేడిని మోసేది గాలే. ఇంజిన్‌ని చల్లార్చే ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. అది కొట్టే గాలిలో కొంత, ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ డబ్బాల్లా ఉండే హీటర్ బాక్సుల్లోంచి వెళ్తుంది. లోపలి పైపు వేడి తగిలి వెచ్చబడ్డ గాలి, వ్యాన్ అడుగున పొడవాటి గొట్టంలో ప్రయాణించి డ్రైవర్ కాళ్ల దగ్గరికి, అద్దం దగ్గరికి రావాలి. రావాలి అంతే. వస్తుందని గ్యారంటీ లేదు.

ఎందుకో చిన్న లెక్క. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లారితే వచ్చే వేడి గాలి నుంచి రావాలంటే, సుమారు 3,500 లీటర్ల గాలి ఒక డిగ్రీ చల్లారాలి. గాలి అంత బలహీనమైన కూలీ. దాన్ని ఎక్కువగా, వేగంగా పంపితేనే పని జరుగుతుంది. కానీ ఫ్యాన్ వేగం ఇంజిన్ చేతిలో ఉంది. ఔటర్ మీద యాక్సిలరేటర్ తొక్కి పట్టినప్పుడు గాలి బాగానే వస్తుంది. కొంపల్లి ట్రాఫిక్‌లో ఇంజిన్ ఐడిల్‌లో పడితే అందులో నాలుగో వంతు కూడా రాదు. పైగా ఆ కాస్త గాలీ చల్లటి రేకు గొట్టంలో దాదాపు మూడు మీటర్లు రావాలి. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ బాగానే ఉంది, నెట్‌వర్కే దరిద్రం.

బాగు చేయడం ఎలా?

కొత్త సామాను కొనే ముందు ఉన్న వేడి ఎక్కడ పోతోందో వెతకాలి. నా ఉద్దేశంలో సగం పని ఇదే. హీటర్ బాక్స్‌కీ అడుగు గొట్టానికీ మధ్య ఉండే మెత్తటి హోస్‌లు ఏళ్ల తరబడి ఎండి చిరిగిపోతాయి. వేడి అంతా రోడ్డు పాలు. బాక్సుల్లోని తలుపుల్ని తెరిచే కేబుళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. లోపల లివర్ లాగినా వెనక తలుపు తెరుచుకోదు. ఒకరు లివర్ లాగుతుంటే ఇంకొకరు బండి కింద పడుకుని చూస్తే తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ఇంకోటి థర్మోస్టాట్. ఇంజిన్ 65-70 డిగ్రీలకు వచ్చేదాకా చల్లటి గాలిని ఆపి, త్వరగా వేడెక్కేలా చేసే భాగం ఇది. ‘‘వేడి దేశంలో ఇదెందుకు’’ అని పీకి పారేసిన బండ్లు చాలానే కనిపిస్తాయి. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడమే ఆలస్యం, ఇక మన కాళ్ల దాకా వచ్చేదెప్పుడు? తిరిగి పెట్టించడమే మంచిది.

తర్వాత అడుగు గొట్టం. దాని చుట్టూ వేడికి తట్టుకునే గ్లాస్‌వూల్ లాంటిది చుట్టి, పైన నీళ్లు దూరకుండా అల్యూమినియం టేపు వేయాలి. తలుపుల రబ్బర్లు మార్చాలి. ముందు సీట్ల వెనక మందపాటి కర్టెన్ కట్టాలి. ఆ ఒక్క కర్టెన్‌తో వేడెక్కాల్సిన చోటు సగానికి పైగా తగ్గిపోతుంది. చీపే కానీ భలే పనిచేస్తుంది.

ఐడిల్ సమస్యకి మందు ఎలక్ట్రిక్ బ్లోయర్. పెద్ద ఇంజిన్ పెట్టిన తర్వాతి మోడళ్లకి కంపెనీయే ఒకటి ఇచ్చింది. పాతవాటికి పడవల్లో వాడే 12 వోల్టుల బ్లోయర్ పెడుతుంటారు. కంప్యూటర్ క్యాబినెట్ ఫ్యాన్ పెడదామనే తెలివి నాలాంటి వాళ్లకే వస్తుంది. అది వద్దు. పొడవాటి గొట్టంలో గాలి నెట్టే దమ్ము దానికి లేదు, ఆ వేడికి ప్లాస్టిక్ కూడా ఆగదు. 1967కి ముందు బండ్లలో చాలావాటికి 6 వోల్టుల వైరింగ్ ఉంటుంది, అది చూసుకోండి. యాభై ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు. కాగితాలు ఏ రకమో ముందే తేల్చుకోవాలి.

ఇక కుంపటి సంగతి

హీటర్ బాక్స్ లోపల ఉన్నది ఎగ్జాస్ట్ పైపు అని చెప్పాను కదా. అది తుప్పుపట్టి చిల్లు పడితే వెచ్చటి గాలితో పాటు పొగ కూడా నేరుగా క్యాబిన్‌లోకే వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. ‘ప్రయాణం పడలేదేమో’ అనుకుని పడుకుంటాం. నిద్రలో ఉంటే ఆ సూచనలూ తెలియవు.

2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ పొగ లోపలికి చేరిందని కాలికట్ ఎన్‌ఐటీ నిపుణులు పరీక్షలు చేసి తేల్చారు. అక్కడ చలి కూడా లేదు.

కుంపటి ఇంకా ఘోరం. జనరేటర్ పొగ ఏదో సందులోంచి దూరాలి, కుంపటిని మనమే లోపల పెట్టుకుంటున్నాం. నివురుగప్పిన బొగ్గు నుంచి పొగ కనిపించదు కాబట్టి ఏమీ రావట్లేదనిపిస్తుంది. పైగా చలి రాకుండా రబ్బర్లు మార్చి, కర్టెన్ కట్టి, అన్ని సందులూ మనమే మూసి ఉంచాం! ఈ మాట చెప్పాక మావాడు కాసేపు ఏం మాట్లాడలేదు. ‘‘మా అమ్మ కూడా వస్తానంటోందిరా’’ అన్నాడు చివరికి.

రాత్రి ఇంజిన్ ఆపి పడుకోవాలంటే డీజిల్ హీటర్ ఒకటి దారి. మంట వేరే గదిలో మండుతుంది. దానికి గాలి బయటి నుంచే వస్తుంది, పొగ బయటికే పోతుంది. క్యాబిన్ గాలి ఆ గది గోడని తాకి వెచ్చబడుతుంది తప్ప మంటతో కలవదు. 2 కిలోవాట్ల హీటర్ గంటకి పావు లీటరు లోపే తాగుతుంది. అయితే పొగ గొట్టం కీలు సరిగ్గా బిగించకపోతే కథ మళ్లీ మొదటికే. అంత ఖర్చెందుకు అనుకుంటే రెండు మందపాటి రగ్గులు, మంచి స్లీపింగ్ బ్యాగులు. ఆదిలాబాద్ చలికి అవి చాలు.

మావాడు రెండు హీటర్ బాక్సులూ విప్పించాడు. ఒకదాని లోపలి పైపు మీద స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే దిగబడింది. అతుకు వేసి సరిపెట్టే రకం కాదు, మార్చాల్సిందే. అది అయ్యేదాకా హీటర్ లివర్ మూసి కట్టేశారు. ఈలోగా బ్యాటరీతో పనిచేసే సీవో అలారం కొన్నాడు. పొగ అలారం వేరు, ఇది వేరు, కొనేటప్పుడు ప్యాకెట్ మీద చదివి తీసుకోండి. దాన్ని పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో, కిటికీకి కాస్త దూరంగా బిగించాలి. పడుకునే ముందు రోజూ టెస్ట్ బటన్ నొక్కాలి. అది మోగితే ఎందుకు మోగిందా అని వెతుకుతూ కూర్చోకుండా, తలుపులు తీసి అందర్నీ కిందికి దింపాలి.